తొట్టెలలో బిడ్డ, చేతిలో వీసా: ఇల్లు అమ్మేముందు తేల్చుకోవాల్సినవి

నల్లగొండలోనో పాలమూరులోనో సొంతిల్లు. తొట్టెలలో నెల దాటిన బిడ్డ. ఆరు నెలల్లో పరాయి దేశంలో ఉద్యోగం. ఈ మూడూ ఒక్కసారే వచ్చిపడిన ఇళ్లలో మొదట జరిగేది బ్రోకరుకు కబురు పెట్టడం. గజం ధర తేలుతుంది, బయానా చేతికొస్తుంది, ఆ తర్వాత బీరువాలో కాగితాలు వెతకడం మొదలవుతుంది. లింకు దస్తావేజు, అంటే ఇల్లు అంతకుముందు చేతులు మారిన పత్రం, దొరకదు. మేనత్త సంతకం కావాలంటారు. బిడ్డ పాస్‌పోర్టుకు పేరు కలవలేదంటారు. విమానం టికెట్ తేదీ మాత్రం కదలదు. చివరికి లక్షలు తగ్గించి ఇచ్చేయడమో, ఎవరికో జీపీఏ (మన తరఫున పని నడిపే అధికారపత్రం) రాసి వెళ్లిపోవడమో జరుగుతుంది.

ఈ పనుల్లో ఏదీ విడిగా చూస్తే కష్టమైంది కాదు, వరుస తప్పితేనే కష్టం. ఇల్లు ఎవరిదో ముందు తేల్చాలి. బిడ్డ కాగితాలు ఈ ఇంటి చిరునామా చెల్లుతుండగానే తెచ్చుకోవాలి. అమ్మకం ఏ ఆర్థిక సంవత్సరంలో పడుతుందో చూసి ప్రయాణం పెట్టుకోవాలి. బేరం ఆ తర్వాతి మాట.

బిడ్డకూ వాటా ఉందా?

ఇల్లు అమ్మడానికి తండ్రి సంతకం చాలని చాలామంది అనుకుంటారు. కొన్ని ఇళ్ల విషయంలో అది నిజమే. మరికొన్నింటిలో తొట్టెలలో నిద్రపోయే పసికందు కూడా హక్కుదారే.

ఇల్లు మన దాకా ఎలా వచ్చిందన్నదే అసలు ప్రశ్న. తండ్రి తన సంపాదనతో, బ్యాంకు అప్పుతో ప్లాటు కొని కట్టుకున్నదైతే అది స్వార్జితం. ఆయన బతికి ఉన్నంతకాలం అందులో కొడుక్కీ హక్కు లేదు, మనవరాలికీ లేదు. తాత స్వార్జితంగా కొని, వీలునామా రాయకుండా 1956 తర్వాత కాలం చేస్తే ఆ ఇల్లు హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆయన భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు, తల్లి ఉంటే తల్లికి సమానంగా వస్తుంది. అలా వచ్చిన వాటా ఆ వారసుడి సొంత ఆస్తి. అతని పిల్లలకు అందులో పుట్టుకతో హక్కు రాదని సుప్రీంకోర్టు 1986లోనే చెప్పింది. ఇలాంటి ఇంట్లో చిక్కు పసిబిడ్డతో రాదు, బిడ్డ మేనత్తల సంతకాలతో వస్తుంది.

ముత్తాత కాలం నుంచి పంపకం కాకుండా వస్తున్న ఇల్లయినా, అలాంటి ఆస్తి అన్నదమ్ముల పంపకంలో ఒకరి వాటాకు పడినదయినా పిత్రార్జితం కిందికి వస్తుంది. అందులో బిడ్డకు, ఆడపిల్లయినా మగపిల్లాడైనా, పుట్టిన క్షణం నుంచే వాటా ఉంటుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లికాని ఆడపిల్లలకు ఈ హక్కు 1985 సెప్టెంబరు 5 నుంచే ఉంది. కేంద్ర చట్టం 2005 సెప్టెంబరు 9 నుంచి కూతుళ్లందరికీ ఇచ్చింది. ఆ తేదీకి తండ్రి బతికి ఉన్నా లేకున్నా కూతురికి హక్కు ఉంటుందని 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తేల్చింది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరైన పంపకాలను మాత్రం ఎవరూ కదిలించలేరు. అందుకే పెళ్లయి మిర్యాలగూడలోనో నారాయణపేటలోనో ఉంటున్న అక్కచెల్లెళ్లను కొనేవారి వకీలు తప్పకుండా అడుగుతాడు. ‘పెండ్లప్పుడే ఇచ్చినం కదా’ అన్న మాట చట్టం ముందు నిలవదు. హక్కు వదులుకున్నట్టు రిజిస్టరైన విడుదల దస్తావేజు ఉండాలి, లేదా అమ్మకం దస్తావేజులోనే వాళ్లు సంతకం పెట్టాలి. ముస్లిం, క్రైస్తవ కుటుంబాల్లో పుట్టుకతో వచ్చే హక్కు అనేది లేదు. పెద్దాయన పోయాకే వారసుల ప్రశ్న వస్తుంది.

పిత్రార్జితంలో బిడ్డ వాటా ఉన్నప్పుడు ఏం చేయాలన్న దగ్గర రెండు వేర్వేరు సంగతులు కలగాపులగం అవుతుంటాయి. ఉమ్మడి ఆస్తిలో విడదీయని వాటా అయితే కోర్టు అనుమతి అక్కర్లేదు. కుటుంబ పెద్ద, అంటే కర్త, కుటుంబ అవసరం కోసమో ఆస్తి మేలు కోసమో అందరి తరఫునా అమ్మవచ్చు. ఆ అవసరం ఏమిటో దస్తావేజులో రాయాలి, రుజువు చేతిలో ఉండాలి. అప్పులు తీర్చడం, వైద్యం, చదువు, కూలడానికి వచ్చిన ఇంటిని మార్చుకోవడం లాంటివి అవసరాలుగా నిలిచాయి. ‘విదేశం పోతున్నాం కాబట్టి అమ్ముతున్నాం’ అన్న ఒక్క వాక్యం రేపు అలాగే నిలుస్తుందన్న భరోసా లేదు. ఉన్న అప్పులు ఏవి, డబ్బు ఎటు పోతోంది, బిడ్డ వాటాకు బదులుగా ఏం పెడుతున్నారు అన్నవి దస్తావేజులో కనబడాలి. బిడ్డ పేర ఒక ఫిక్స్‌డ్ డిపాజిట్ వేసి దాని వివరం రాయించడం మంచి పద్ధతి. కొనేవారికి ధైర్యం, బిడ్డకు న్యాయం.

ఆస్తి నేరుగా బిడ్డ పేరనే ఉంటే మాత్రం దారి వేరు. హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం 1956లోని 8వ సెక్షన్ ప్రకారం తల్లిదండ్రులైనా సరే కోర్టు అనుమతి లేకుండా మైనరు స్థిరాస్తిని అమ్మకూడదు. జిల్లా కోర్టులో పిటిషన్ వేయాలి, నెలలు పడుతుంది, వచ్చిన డబ్బు బిడ్డ పేర డిపాజిట్ చేయాలన్న షరతు మామూలుగా ఉంటుంది. అనుమతి లేకుండా అమ్మితే బిడ్డకు 18 నిండాక మూడేళ్లలోపు ఆ అమ్మకాన్ని కాదనవచ్చు. దానికి దావా వేయడమే మార్గం కాదు, ఆ ఆస్తిని తిరిగి మరొకరికి అమ్మడం లాంటి చేతతో కూడా కాదనవచ్చని 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు అన్నది. కొనేవారి మెడమీద 21 ఏళ్ల కత్తి అన్నమాట. కాబట్టి మనవరాలు పుట్టిన సంబరంలో తాత ఇంటిని ఆ పాప పేర గిఫ్టు రాసిస్తానంటే, ఆ ఇల్లు త్వరలో అమ్మాల్సి ఉందని గుర్తుంటే, ప్రేమగానే ఆపండి.

బీరువాలోని కాగితాలు

పాత నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల ఇళ్లకు ఒక ప్రత్యేకత ఉంది. నిజాం కాలం దాటి వచ్చిన ఇళ్లకు తొలి దస్తావేజు ఉర్దూలో ఉంటుంది. ఇంట్లో ఎవరూ చదవలేరు కాబట్టి దాన్ని పాత కాగితమని పక్కన పడేస్తారు. అదే మూలపత్రం కావచ్చు. తెలిసినవారితో తెలుగులోకో ఇంగ్లిషులోకో అనువాదం చేయించి, అసలుతో కలిపి పెట్టుకోవాలి. కొనేవారు బ్యాంకు అప్పు తీసుకుంటే బ్యాంకు వకీలు సాధారణంగా 30 ఏళ్ల లింకు అడుగుతాడు, ఒక్కోసారి ఇంకా వెనక్కి పోతాడు.

సాదా బైనామా సంగతి ఇంకో రకం. ఊళ్లో పెద్దమనుషుల ముందు తెల్లకాగితం మీద రాసుకుని, డబ్బు ఇచ్చి, నలభై ఏళ్లుగా కాపురం ఉంటున్న ఇళ్లు ఎన్నో. 100 రూపాయలు, ఆపై విలువైన స్థిరాస్తి అమ్మకం రిజిస్టరు కావాల్సిందే. ఆ కాగితంతో హక్కు సంక్రమించదు. అమ్మినవారి వారసులు దొరికితే వాళ్లతో ఇప్పుడైనా రిజిస్ట్రేషన్ చేయించుకోవడం మేలు. ఈ ఒక్క పనికే రెండు మూడు నెలలు పోతాయి, కాబట్టి బిడ్డ పుట్టకముందే మొదలుపెట్టాల్సిన పని ఇది.

ఇంటి మీద రిజిస్టరైన లావాదేవీల జాబితా అయిన ఈసీ తీయడం తేలిక. 1983 జనవరి 1 నుంచి జరిగిన లావాదేవీలు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, అంతకు ముందువి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో వెతికించుకోవాలి. అయితే ఈసీ శుభ్రంగా ఉంటే అన్నీ శుభ్రమేనని అనుకోవద్దు. అందులో రిజిస్టరైనవే కనబడతాయి. నోటిమాట పంపకాలు, సాదా బైనామాలు, కోర్టులో నడుస్తున్న దావాలు కనబడవు.

అసలు తలనొప్పి చిన్న తేడాల దగ్గర. దస్తావేజులో ఇంటి నంబరు ఒకటి, పన్ను రసీదులో దాని పక్కన ఒక అక్షరం చేరి ఇంకొకటి. దస్తావేజులో తండ్రి పేరు పూర్తి ఇంటిపేరుతో, ఆధార్‌లో ఒక్క అక్షరంతో. హద్దులు చూడండి: 1978 నాటి దస్తావేజులో ‘తూర్పు: ఫలానా వారి పెంకుటిల్లు, పడమర: బాట’ అని ఉంటుంది. ఆ పెంకుటిల్లు ఇప్పుడు మూడంతస్తుల మేడ, ఇద్దరు చేతులు మారింది. బాట సీసీ రోడ్డయి, ఒక గజం లోపలికి జరిగింది. టేపు పెట్టి కొలిస్తే దస్తావేజులో 200 గజాలున్నది 192 వస్తుంది. కొనేవారు కొలిచి చెప్పేదాకా ఆగకుండా మీరే ముందు కొలిపించండి. కొత్త దస్తావేజులో ‘గతంలో ఫలానా వారి ఇల్లు, ప్రస్తుతం ఫలానా వారిది’ అని రెండూ రాయిస్తే లింకు తెగదు. ధర గజాల మీదే మాట్లాడుకుంటారు కాబట్టి బయానా ముందే ఈ లెక్క తేలితే మాట పోదు.

పల్లెలో గ్రామకంఠం (ఊరి నివాస స్థలం) ఇల్లయితే సర్వే నంబరు వారీ హక్కు కాగితం ఉండదు. పంచాయతీ పన్ను రసీదులు, ఇంటి యాజమాన్య ధ్రువపత్రం, కరెంటు బిల్లులు, ఉంటే పాత రిజిస్టరు దస్తావేజు, ఇవే ఆధారం. చాలా బ్యాంకులు వీటి మీద అప్పుకు వెనకాడతాయి. అంటే కొనేవాడు చేతిలో డబ్బున్నవాడు కావాలి, అలాంటివాడు దొరకడానికి ఎక్కువ సమయం పడుతుంది.

ఇంటి మీద అప్పుంటే దస్తావేజులు బ్యాంకులో ఉంటాయి. అప్పు పూర్తిగా తీరాక 30 రోజుల్లో అసలు పత్రాలు తిరిగివ్వాలని, బ్యాంకు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయలు చెల్లించాలని 2023 డిసెంబరు 1 నుంచి రిజర్వు బ్యాంకు నియమం ఉంది. తనఖా రిజిస్టరై ఉంటే దాని విడుదల కూడా రిజిస్టరు చేయించి, కొత్త ఈసీలో అది కనబడేదాకా చూసుకోవాలి.

బిడ్డ పాస్‌పోర్టు ఇంటి అమ్మకం కన్నా ముందే

బిడ్డ పుట్టిన 21 రోజుల్లో జననం నమోదు కావాలి. ఇక్కడ చాలామంది పొరబడేది ఊరి దగ్గర. తొలి కాన్పు తల్లిగారింట జరుగుతుంది. ఇల్లు నల్లగొండలో ఉన్నా కాన్పు సూర్యాపేటలో అయితే నమోదు సూర్యాపేటలోనే. దవాఖాన పంపే వివరాల్లో తల్లిదండ్రుల పేర్లు వాళ్ల పాస్‌పోర్టుల్లో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా ఉండాలి. డిశ్చార్జి రోజు హడావుడిలో ఆ ఫారం ఎవరో బంధువు నింపుతారు, తల్లి పేరుకు పుట్టింటి ఇంటిపేరు పడుతుంది, ఆ ఒక్క పదం దిద్దించడానికి నెల పోతుంది. ఆ ఫారం తండ్రే కూర్చుని, పాస్‌పోర్టు పక్కన పెట్టుకుని నింపాలి.

ఇంకో సంగతి పేరు. మన దగ్గర ఇరవై ఒకటో రోజునో ఆ తర్వాతో తొట్టెల వేసి పేరు పెడతారు. అప్పటికి ధ్రువపత్రం పేరు లేకుండానే వచ్చేసి ఉంటుంది. 12 నెలల్లోపు పేరు చేర్చడానికి రుసుము లేదు. కానీ పేరు లేకుండా పాస్‌పోర్టు రాదు కాబట్టి తొట్టెల అయిన వారంలోనే చేర్పించాలి. 2023 అక్టోబరు 1, ఆ తర్వాత పుట్టిన పిల్లలకు పాస్‌పోర్టులో పుట్టిన తేదీకి జనన ధ్రువపత్రమే ఏకైక రుజువు. మరో కాగితంతో నెట్టుకురావడం కుదరదు.

పాస్‌పోర్టుకు తల్లిదండ్రులిద్దరూ సంతకం చేసిన అనెక్సర్ డి అనే ప్రమాణ పత్రం కావాలి. తండ్రి ముందే విమానం ఎక్కేస్తే అదనపు అఫిడవిట్లు, రాయబార కార్యాలయం చుట్టూ తిరుగుళ్లు. నాలుగేళ్లలోపు పిల్లలకు తెల్ల బ్యాక్‌గ్రౌండుతో 4.5, 3.5 సెంటీమీటర్ల ఫొటో మనమే తీసుకెళ్లాలి. ఎనిమిదేళ్లలోపు వారికి రుసుములో 10 శాతం తగ్గింపు పోను 900 రూపాయలు, పాస్‌పోర్టు ఐదేళ్లు చెల్లుతుంది. నల్లగొండ, మహబూబ్‌నగర్ పోస్టాఫీసుల్లోనే పాస్‌పోర్టు సేవా కేంద్రాలున్నాయి, పసిబిడ్డతో హైదరాబాద్ ప్రయాణం అక్కర్లేదు.

ఇదంతా ఇల్లు అమ్మకముందే ఎందుకంటే, ఆధార్‌లోనూ పాస్‌పోర్టులోనూ ఉన్నది ఈ ఇంటి చిరునామానే. ఇల్లు ఖాళీ చేసి తల్లిగారింటికో అద్దింటికో మారాక దరఖాస్తు చేస్తే ప్రస్తుత చిరునామా ఒకటి, రుజువులో ఉన్నది ఇంకొకటి అవుతుంది. బిడ్డ పాస్‌పోర్టు వస్తేనే వీసా, వీసా వస్తేనే ప్రయాణం తేదీ, ఆ తేదీ తెలిస్తేనే ఇంటి అమ్మకం మీద పడే పన్ను లెక్క. టీకాల కార్డు కూడా ఈ ఫైల్లోనే ఉండాలి. పుట్టగానే వేసేవి, 6, 10, 14 వారాలవి తేదీలతో సహా నింపించి ఉంటే అక్కడి డాక్టరుకు మొదటి నుంచీ వెతుక్కునే పని ఉండదు.

ప్రయాణం తేదీ పన్నును ఎలా మారుస్తుంది

ఎక్కువ డబ్బు పోయేది ఇక్కడే, ఎవరూ ముందుగా చెప్పనిదీ ఇదే. ఆదాయపు పన్ను చట్టం దృష్టిలో మనిషి రెసిడెంటా, నాన్ రెసిడెంటా అన్నది ఏడాది మొత్తానికి ఒకటే. ఉద్యోగం కోసం దేశం వదిలే ఏడాదిలో ఏప్రిల్ 1 నుంచి లెక్కేసి ఇక్కడ 182 రోజులుంటే ఆ ఏడాదంతా రెసిడెంటు, లేకపోతే ఆ ఏడాదంతా నాన్ రెసిడెంటు. వరుసగా ఇక్కడే ఉన్నవారికి ఆ 182వ రోజు సెప్టెంబరు 29న వస్తుంది. మే నెలలో నల్లగొండలోనే ఉండి, సబ్ రిజిస్ట్రార్ ముందు కూర్చుని ఇల్లు అమ్మి, జులైలో విమానం ఎక్కినవారు మేలో చేసిన ఆ అమ్మకానికి కూడా నాన్ రెసిడెంటే. ‘అమ్మినప్పుడు ఇక్కడే ఉన్నాం కదా’ అన్నది చెల్లదు.

తేడా ఎంతో ఒక లెక్కలో చూద్దాం. 2012-13లో 24 లక్షలకు కొన్న ఇల్లు 2025-26లో 60 లక్షలకు అమ్మారనుకుందాం. రెండేళ్లు దాటింది కాబట్టి దీర్ఘకాలిక లాభం. నేరుగా లెక్కేస్తే లాభం 36 లక్షలు, 12.5 శాతం పన్ను 4.5 లక్షలు, సెస్సుతో 4.68 లక్షలు. 2024 జులై 23కి ముందు కొన్న ఇళ్లకు రెసిడెంటు వ్యక్తులకు ఇంకో దారి ఉంది: ధరల సూచీతో కొన్న ధరను పెంచుకుని 20 శాతం లెక్కేసి, రెంటిలో ఏది తక్కువైతే అది కట్టడం. 2012-13 సూచీ 200, 2025-26 సూచీ 376. 24 లక్షలు కాస్తా 45.12 లక్షలవుతుంది. లాభం 14.88 లక్షలు, పన్ను సెస్సుతో కలిపి సుమారు 3.10 లక్షలు. ఈ రెండో దారి నాన్ రెసిడెంటుకు లేదు. అంటే విమానం తేదీ వల్ల ఒకటిన్నర లక్షకు పైగా తేడా.

కొనేవారు ధరలోంచి ముందే పట్టుకునే పన్ను అయిన టీడీఎస్‌లో తేడా ఇంకా పెద్దది. అమ్మేది రెసిడెంటయితే, ధర గానీ ప్రభుత్వ విలువ గానీ 50 లక్షలు, ఆపైన ఉంటే 1 శాతం: మన లెక్కలో 60 వేలు. నాన్ రెసిడెంటయితే పరిమితి ఏమీ లేదు. లాభం మీదే పట్టుకొమ్మని అధికారి ఇచ్చే తక్కువ కోత ధ్రువపత్రం లేకపోతే మొత్తం ధర మీద లెక్కగడతారు. 12.5 శాతానికి సర్‌చార్జి, సెస్సు కలిపితే 14.3 శాతం, అంటే 8.58 లక్షలు. ఎక్కువ పట్టుకున్నది రిటర్ను వేశాక వెనక్కి వస్తుంది, కానీ కొత్త దేశంలో అద్దె అడ్వాన్సు కట్టాల్సిన నెలలో చేతిలో ఉండదు. ఆ ధ్రువపత్రం కోసం అగ్రిమెంటు కాగానే దరఖాస్తు చేయాలి, వారాలు పడుతుంది. ఇంకో జాగ్రత్త: పాన్, ఆధార్‌తో లింకు కాకపోతే రెసిడెంటుకైనా 1 శాతం బదులు 20 శాతం కోత పడుతుంది.

దీన్నిబట్టి జూన్‌లో వెళ్లేవారు మార్చి 31లోపే రిజిస్ట్రేషన్ ముగించుకుంటే ఆ అమ్మకం రెసిడెంటుగా ఉన్న ఏడాదిలో పడుతుంది. ఆగస్టు, సెప్టెంబరుల్లో వెళ్లేవారు ఉద్యోగంలో చేరే తేదీని కొద్దిగా జరపగలిగితే 182 రోజులు నిండుతాయి. భార్యాభర్తల పేర ఉమ్మడిగా ఇల్లుంటే ఇద్దరి స్థితీ ఒకటే కానవసరం లేదు. 182 రోజుల సడలింపు ఉద్యోగం కోసం వెళ్లేవారికి. ఉద్యోగం కోసం కాకుండా భర్త వెంట వెళ్లే భార్యకు, అంతకుముందు నాలుగేళ్లలో 365 రోజులు ఇక్కడ ఉంటే, ఆ ఏడాది 60 రోజులు చాలు. జులైలో వెళ్లిన భర్త నాన్ రెసిడెంటు, బిడ్డతో కలిసి ఆయన వెంటే వెళ్లిన భార్య రెసిడెంటు కావచ్చు. ఎవరి వాటాకు వారి లెక్క. అలాగే ఇల్లు ఇక్కడే ఉండే తండ్రి పేర ఉంటే కొడుకు ప్రయాణంతో పనే లేదు, పన్ను ఆయన స్థితిని బట్టే.

పన్ను మినహాయింపుకు ఇల్లే కొనాలంటే ఆ ఇల్లు భారతదేశంలోనే ఉండాలి, టొరంటోలోనో ఫ్రాంక్‌ఫర్ట్‌లోనో కొంటే రాదు. అమ్మినదానికి ఏడాది ముందు గానీ రెండేళ్ల తర్వాత వరకు గానీ కొనొచ్చు, కట్టుకుంటే మూడేళ్లు. తల్లిదండ్రులు ఇక్కడే ఉండేట్టయితే, ఇల్లు నాన్న పేర ఉంటే, ఆ డబ్బులో కొంతతో ఆయన పేరనే ఒక చిన్న ఇల్లు కొనడం పన్నుకూ మంచిది, పెద్దవాళ్లకు నీడకూ మంచిది. ఆ నీడ సంగతి తేల్చకుండా ఇల్లు బేరం పెట్టడం తప్పు. ఇల్లు వద్దనుకుంటే ఆరు నెలల్లోపు 50 లక్షల దాకా నిర్దేశిత బాండ్లలో పెట్టొచ్చు, డబ్బు ఐదేళ్లు అందులోనే ఉంటుంది. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం, 2025 అమల్లోకి వచ్చి సెక్షన్ల నంబర్లు మారాయి. పాత నంబర్లతో ఉన్న నమూనాలు చూసి దరఖాస్తులు నింపకండి.

పసిబిడ్డ ఉన్న ఇంట్లో బేరం

బాలింత తల్లిగారింట ఉండే మూడు నాలుగు నెలలే ఇల్లు చూపించడానికి, మరమ్మతులకు తగిన సమయం. పాత గోడల పెయింటు గీకితే లేచే దుమ్ములో సీసం ఉండొచ్చు, అది పసిబిడ్డకు కీడు. బిడ్డ ఇంట్లో ఉంటే గీకే పని పెట్టుకోవద్దు, ఉన్నదాని మీద కడిగి వదిలేయండి. వచ్చేవాళ్లకు రోజులో ఒక గంట ఇవ్వండి, ముందే ఫోన్ చేసి రమ్మనండి. చూడవచ్చినవాళ్లు తొట్టెల మీదికి వంగి బిడ్డను ముద్దాడకుండా బిడ్డను లోపలి గదిలో ఉంచడం మర్యాద తక్కువేమీ కాదు. నీళ్ల ప్రశ్న ఈ జిల్లాల్లో తప్పక వస్తుంది. బోరు లోతు, నల్లా కనెక్షన్ కాగితం, చేయించి ఉంటే ఫ్లోరైడ్ పరీక్ష చీటీ చూపిస్తే బేరం గట్టిపడుతుంది.

రిజిస్ట్రేషన్ అయిన మర్నాడే బిడ్డతో ఇల్లు ఖాళీ చేయలేరు. ప్రయాణం దాకా ఇంకో 45 రోజులు ఇక్కడే ఉంటామన్న షరతు నోటిమాటగా వదిలేస్తే ఇరుపక్కలా గొడవే. అగ్రిమెంటులోనే రాయండి: ఏ తేదీన తాళాలు అప్పగిస్తారు, అంతవరకు అద్దె ఎంత లేదా ఉచితమా, ఆ భరోసాకు కొనేవారు ఎంత సొమ్ము ఆపుకుంటారు, తేదీ దాటితే రోజుకు ఎంత. ఆపుకునే సొమ్ము లక్ష రెండు లక్షలకు మించకుండా చూసుకోవాలి. ఎందుకంటే విమానం ఎక్కాక దాన్ని రాబట్టడం మహా కష్టం.

భార్య పేర కూడా ఇల్లుంటే రిజిస్ట్రేషన్ రోజు వేలిముద్ర, ఫొటో కోసం ఆమె రావాలి. కదలలేని స్థితిలో ఉన్నవారి కోసం రిజిస్ట్రేషన్ చట్టంలోని 31, 38 సెక్షన్ల కింద ఇంటి దగ్గరే రిజిస్ట్రేషన్ అడగవచ్చు. ఆపరేషన్ కాన్పయిన తల్లిని గంటలకొద్దీ ఆఫీసు బెంచీ మీద కూర్చోబెట్టే ముందు ఈ దారి గుర్తుంచుకోండి. స్టాంపు, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ రుసుము కలిపి 7.5 శాతం, మామూలుగా కొనేవారే భరిస్తారు. దాన్ని తగ్గించుకోవడానికే వాళ్లు దస్తావేజులో ధర తక్కువ రాయమంటారు, మిగతాది నగదుగా ఇస్తామంటారు. విదేశం వెళ్లేవారు దీనికి అసలు ఒప్పుకోకూడదు. ఇంటి అమ్మకంలో 20 వేలు, ఆపైన నగదు తీసుకుంటే అంతే మొత్తం జరిమానా పడొచ్చు. పైగా దస్తావేజులో లేని డబ్బును బ్యాంకు ద్వారా బయటికి పంపే దారే లేదు.

జీపీఏ, డబ్బు

వెళ్లేలోగా అమ్మకం కాకపోతే నమ్మకమైన ఒకరికి ఈ ఒక్క ఇంటికే పరిమితమైన ప్రత్యేక అధికారపత్రం రాయడం మేలు. ఇక్కడ ఉండగా రాస్తే సబ్ రిజిస్ట్రార్ ముందే సంతకం కావాలి. విదేశానికి వెళ్లాక అయితే అక్కడి నోటరీ లేదా భారత కాన్సులేట్ ముందు చేసి, ఇండియాకు చేరిన మూడు నెలల్లో ఇక్కడ స్టాంపు వేయించాలి. కనీస ధర ఎంత, డబ్బు ఏ ఖాతాలో పడాలి అన్నది అందులోనే రాయండి. డబ్బు అధికారం పొందినవారి ఖాతాలో పడేలా ఎప్పుడూ రాయకండి. కొనేవారే ‘రిజిస్ట్రేషన్ ఎందుకు, జీపీఏ చాలు’ అంటే, జీపీఏతో యాజమాన్యం మారదని 2011 అక్టోబరు 11న సుప్రీంకోర్టు చెప్పిన సంగతి గుర్తు చేయండి. ఇంటి పన్ను, ఆ ఇంట్లో ఏం జరిగినా దాని బాధ్యత మీ పేరనే ఉండిపోతాయి.

డబ్బు పంపే విషయంలో లెక్క మళ్లీ మారుతుంది. విదేశీ మారక చట్టమైన ఫెమా 182 రోజులు చూడదు. ఉద్యోగం కోసం బయలుదేరిన రోజు నుంచే మనిషి ప్రవాసి. అందుకే ఒకే వ్యక్తి పన్నుకు రెసిడెంటు, బ్యాంకుకు ప్రవాసి కావచ్చు, రెండూ తప్పు కాదు. వెళ్లేలోగా పంపితే మనిషికి ఏడాదికి 2.5 లక్షల డాలర్ల పరిమితి ఉంది. చదువు, వైద్యం కాని అవసరాలకు 10 లక్షలు దాటిన మొత్తంపై బ్యాంకు 20 శాతం టీసీఎస్ (ముందస్తు పన్ను) పట్టుకుంటుంది, రిటర్నులో అది సర్దుబాటవుతుంది. వెళ్లాక సేవింగ్స్ ఖాతాను ఎన్నార్వో (ప్రవాసుల రూపాయి) ఖాతాగా మార్పించాలి. దాని నుంచి పన్ను కట్టినట్టు చార్టర్డ్ అకౌంటెంట్ ధ్రువపత్రంతో ఏడాదికి 10 లక్షల డాలర్ల దాకా పంపొచ్చు.

ఖాళీ చేసే రోజు కరెంటు మీటరు రీడింగు ఫొటో తీసుకుని, కొనేవారు మీటరు పేరు మార్చుకునేలా దరఖాస్తు మీ ముందే పెట్టించండి. ఇంటి పన్ను రికార్డులోనూ పేరు మారిందని రసీదు చూసుకోండి. అమ్మకం దస్తావేజు సర్టిఫైడ్ కాపీ రెండు తీయించి ఒకటి ఇక్కడ పెద్దవాళ్ల దగ్గర ఉంచండి, ఇంకొకటి బిడ్డ టీకాల కార్డు, జనన ధ్రువపత్రం ఉన్న సంచిలోనే పెట్టి విమానంలో చేతి సామానుగా తీసుకెళ్లండి. మరుసటి ఏడాది జులైలో అక్కడి నుంచి రిటర్ను వేసేటప్పుడు మొదట అడిగేది ఆ కాపీనే.